టార్చి వేసి చూసిన నిద్ర

మా తమ్ముడి సంగతి ముందే రాయవలసింది. అరవై రెండేళ్ళు వచ్చేవరకు నాకు అక్షరాలు రావు, అదీ కారణం. దిద్దించింది నా కూతురి కూతురు. పలక మీద కాదు, ఫోనులో, వేలితో. తప్పు రాస్తే "అమ్మమ్మా, ఇది అక్షరమా, ఎండ్రకాయా?" అనేది.

మా తమ్ముడికి పాతికేళ్ళప్పుడు మతి చెదిరింది. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికే రెండేళ్ళు దాటింది. ఎప్పుడు మొదలైందని డాక్టరు అడిగితే ఇంటిల్లిపాదీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పొగరనుకున్నాం, ప్రేమ వ్యవహారమనుకున్నాం. తర్వాత ఎన్ని మందులు వాడినా వాడు మళ్ళీ మునుపటిలా నవ్వలేదు.

అందుకే, తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదివే ఆ మనవరాలే హాస్టలు వదిలి వచ్చి, నిద్ర మానేసి, స్నేహితురాళ్ళందరూ తన గురించే గుసగుసలాడుకుంటున్నారని అనగానే, ఏలూరులో డాక్టరమ్మగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఇలాంటి జబ్బులు ముదరకముందే పట్టుకోవాలని ఇప్పుడు పరిశోధనలు జరుగుతున్నాయని ఆవిడ చెప్పారు.

"అయితే వస్తుందో రాదో ముందే చెప్పేస్తారాండీ?"

"అంత చదువు మాకూ ఇంకా రాలేదండి మామ్మగారూ. ఇలాంటి లక్షణాలున్న చాలామందికి ఆ జబ్బు రానే రాదు. ముందు నిద్ర కుదుటపడనివ్వండి."

పదిహేను రోజుల నిద్ర పుస్తకంలో రాసి తెమ్మన్నారు. అది చూశాకే కాలేజీకి పంపాలో, ఈ ఏడు ఆపాలో చెప్తానన్నారు. మనవరాలి ముఖం వాడిపోయింది.

నాకు కాపలా కొత్త కాదు. గణపవరం పక్కన చేపల చెరువుల మీద ముప్పై ఏళ్ళు పనిచేశాను. తెల్లవారుజామున గట్టు మీద నిలబడి నీళ్ళ మీదికి టార్చి వేయాలి. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే గాలి అందడం లేదన్నమాట. ఆలస్యమైతే చెరువంతా పోతుంది. ఆ అలవాటున రోజూ ఐదింటికి మనవరాలి మంచం పక్కన నిలబడి, ముఖం మీద టార్చి వేశాను. కళ్ళు తెరిచి "ఏంటమ్మమ్మా?" అనేది. "ఏం లేదు, పడుకో" అనేసి వెళ్ళి, "ఐదింటికి మెలకువగా ఉంది" అని గుండ్రంగా రాసుకునేదాన్ని.

పదిహేను రోజులూ అదే మాట. పుస్తకం చూసి డాక్టరమ్మగారి నొసలు ముడిపడింది.

"ఎవరైనా నిన్ను కనిపెట్టి చూస్తున్నట్టు అనిపిస్తోందా అమ్మా?"

"అనిపించడమేంటండీ, చూస్తోంది. ఇదిగో, ఈవిడే. టార్చి వేసి మరీ."

ఆవిడ నవ్వాపుకోవాలని చూశారు గానీ కుదరలేదు. "మీరే లేపి, నిద్రపోలేదని రాస్తే ఎలాగండి మామ్మగారూ? ఇంకో పదిహేను రోజులు చూద్దాం. ఈసారి అమ్మాయే రాసుకుంటుంది."

కాలేజీ మాట అంతవరకూ వాయిదా పడింది. సిగ్గుతో బస్సెక్కాను.

"చేపకి రెప్పల్లేవు. నాకున్నాయి కదా, మూసుకోనివ్వు!" అంది మనవరాలు.

"మా తమ్ముణ్ణి ఎవరమూ చూసుకోలేదే," అన్నాను.

"సరే, చూడు. తెల్లారాక చూడు."

మర్నాడు ఐదింటికే మెలకువ వచ్చింది. మంచం దిగలేదు. పక్క గదిలోంచి చప్పుడేమీ లేదు. లేచి వెళ్ళాలని ప్రాణం పీకింది. ఏడున్నరకు తనే లేచొచ్చి "కాఫీ ఏదీ?" అని అరిచేవరకు దుప్పటి ముసుగు తీయలేదు.