ఇథనాల్ మీద తోసిన ఆరు కిలోమీటర్లు

కొత్త పెట్రోలు వచ్చాక చెవులమేస్త్రి సుఖం మరిగాడు. ఇంజను చప్పుడు విని రోగం చెప్పేస్తాడని ఆయనకా పేరు. ఇప్పుడు వినే పని కూడా తప్పింది. బండి లాగడం లేదన్నా, మైలేజీ పడిపోయిందన్నా, పొద్దున్నే స్టార్ట్ కావడం లేదన్నా, బానెట్ ఎత్తకుండానే "ఇథనాల్" అనేవాడు. నూటికి ఇరవై పాళ్లు అదే కలుపుతున్నారు, దానికి పెట్రోలంత సత్తువ లేదు అనేవాడు. అబద్ధం కాదు. కాకపోతే అది మింగేది లీటరుకు ఒక కిలోమీటరు, మహా అయితే ఒకటిన్నర. మిగతాదంతా మేస్త్రిగారి బద్ధకం.

ట్యాక్సీ తోలుకుని బతికే బావమరిది వచ్చి మొత్తుకున్నాడు.

"పద్దెనిమిది ఇచ్చేది బావా, పన్నెండుకి పడిపోయింది. ఎక్కడో తేడా కొడుతోంది. ఓసారి చూడవూ?"

"చూసేదేముందిరా? పాత ఇంజనుకి ఇథనాల్ పడదు. అమ్మేసెయ్."

బావ మాటంటే అతనికి తిరుగులేదు. వారం తిరక్కుండా బేరం కుదుర్చుకున్నాడు. కొనేవాడు గట్టివాడు. చెవులమేస్త్రి సరేనంటేనే కొంటానని, బండిని తనే తోలుకుంటూ తిన్నగా షెడ్డుకే వచ్చాడు.

పరాయివాడి ముందు ఊరికే కూర్చుంటే బాగుండదని మేస్త్రి ముందు చక్రం మీద చెయ్యి వేశాడు. చురుక్కుమంది. విప్పి చూస్తే, బ్రేకు వెనక్కి రాకుండా పట్టేసి ఉంది. ఆరు నెలల కిందట తనే బిగించాడు, పిన్నుకు గ్రీజు పెట్టడం మరిచాడు. పాపం బండి అప్పట్నుంచీ బ్రేకు వేసుకునే తిరుగుతోంది.

సరేనంటే బావమరిది బతుకుతెరువు పరాయివాడి పాలవుతుంది. ఉన్నమాట చెబితే తన పరువు గంగలో కలుస్తుంది. మేస్త్రి చక్రం మళ్లీ బిగించేశాడు.

"కొనకండి," అన్నాడు చివరికి. "ఇది మీకు అచ్చిరాదు."

కొనేవాడు దణ్ణం పెట్టేశాడు. సొంత బావమరిది బేరం చెడగొట్టుకుని మరీ నిజం చెప్పిన మనిషని ఊరంతా చాటాడు. షెడ్డు ముందు బళ్లు బారులు తీరాయి.

మేస్త్రి ఎవరూ చూడకుండా బ్రేకు బాగుచేసి, బండి తిరిగి ఇచ్చాడు. నాలుగో రోజున బావమరిది పరుగెత్తుకొచ్చాడు.

"పదిహేడు ఇస్తోంది బావా! ఏం చేశావు?"

చెప్పేద్దామనే మేస్త్రి నోరు తెరిచాడు. బావమరిది అప్పటికే ఆయన రెండు చేతులూ పట్టేసుకున్నాడు.

"నువ్వు లేకపోతే నా గతేంటి బావా! ఇకమీదట నా బండికి బ్రేకుల దగ్గర్నుంచీ అన్నీ నువ్వే చూడాలి. చచ్చినా ఇంకొకడి చేత ముట్టించను."

మేస్త్రికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. "అలాగేలే," అన్నాడు.