పాత బూట్లతో కుట్టిన రికాబు పట్టీలు

నీళ్లు తెస్తుంటే దారి మధ్యలో బక్కెట్ పిడి తెగింది. బక్కెట్ పక్కకు ఒరిగి నీళ్లన్నీ ఉర్కుయా కాళ్ల మీద పోయాయి. ఆమె కాళ్ల సంగతి పట్టించుకోలేదు. చేతిలో మిగిలిన పట్టీ ముక్కను ఎత్తి చూసింది. కుట్టు చెక్కుచెదరలేదు. తెగింది కుట్టు పక్కన, బెజ్జం దగ్గర. నల్లటి పూత పెచ్చులుగా లేచి, లోపలి గుడ్డ పోగులు బయటికొచ్చాయి.

ఆ పిడిని ఏ బూట్ల నుంచి కోసిందో, బావగారికి ఇచ్చిన రికాబు పట్టీలనూ ఆ బూట్ల నుంచే కోసింది. ఆయన, తోడికోడలు సైరకాన్ ఆ పొద్దున్నే మందతో ఎండాకాలపు మేతకు కొండెక్కడానికి బయల్దేరారు. దారిలో ఏరుంది. గొర్రెలను చెక్కవంతెన మీదుగా తోలవచ్చు గాని, అది గుర్రాల బరువు మోయదు. వాటిని నీళ్లలోకే దింపాలి. మంచు కరిగే రోజులు కాబట్టి నీళ్లు గుర్రం పొట్ట దాకా వస్తాయి. కాళ్లు తడవకుండా మనిషి జీనుకు రెండు వైపులా వేలాడే రికాబుల్లో పాదాలు మోపి లేచి నిలబడతాడు. అప్పుడు ఒంటి బరువంతా పట్టీల మీదే.

ఉర్కుయా బక్కెట్‌ను అక్కడే వదిలేసి పరుగందుకుంది.

తను పనిచేసే బడి వంటశాల మూతపడిన చలికాలంలో ఆమె తోలుపని మొదలుపెట్టింది. పశువుల సంతలో జీన్లు కుట్టే ముసలాయన పక్కన కూర్చుని నేర్చుకుంది. ఆయన మంచి తోలు ముట్టుకోనివ్వలేదు. చేయి కుదిరేదాకా చెత్త మీదే కుట్టమన్నాడు. దాంతో చెత్త వెతకడంలో ఆమె ఆరితేరింది. నగరంలో సోఫాలు చేసేవాళ్లు పారేసే ముక్కలు గోనెసంచుల్లో సంతకు వచ్చేవి. పాత హ్యాండ్‌బ్యాగు విప్పితే అడుగున అరచేయంత మంచి తోలు దొరికేది. చిరిగిన చేతితొడుగులు తాళాల సంచులయ్యేవి. బస్సు సీట్ల రెక్సిన్‌తో కత్తి ఒరలు కుట్టింది. తోలు మరీ పల్చగా ఉంటే లోపల కంబళి ముక్క అతికించేది.

అన్నిటికన్నా చవక, సైనికులు తొడిగి వదిలేసిన కిర్జా బూట్లు. కిర్జా తోలు కాదు, రబ్బరు పూత పూసిన మందపాటి గుడ్డ. అయినా దాని మీద బెజ్జాలు వరసగా పడతాయి. గొర్రె కొవ్వులో మసి కలిపి రుద్దితే గుర్రపు తోలులా మెరుస్తుంది. "సంచీ కుట్టుకో, ఒర కుట్టుకో. మనిషి బరువు మోసేదేదీ దీంతో కుట్టకు తల్లీ," అని ముసలాయన మొదటిరోజే చెప్పాడు.

రికాబు పట్టీలను ఆమె కొలత నేర్చుకోవడానికే కుట్టింది. రెండూ గోడకు వేలాడుతుంటే, టీకి వచ్చిన బావగారి కంట పడ్డాయి. ఆయన జీనుకూ సైరకాన్ జీనుకూ ఎడమవైపు పట్టీలు అరిగిపోయాయి. గుర్రం ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు నలిగేది ఎడమదే. కొత్తగా పని నేర్చినవాళ్లు తమ మొదటి వస్తువును ఇంట్లో ఉంచుకోరు. ముందుగా అడిగిన పెద్దవాళ్లకు ఇచ్చి దీవెన తీసుకుంటారు. ఆయన అడిగాడు.

"వద్దు బావగారూ. అవి ఉత్త చెత్త," అంది ఉర్కుయా తల దించుకుని.

అలాగే అనాలి. పని చేసినవాళ్లు తమ పనిని తీసిపారేయాలి, పుచ్చుకునేవాళ్లు ఆ మాట వినిపించుకోకూడదు.

"నీ చెత్తే ఇలా ఉంటే అసలుది ఇంకెలా ఉంటుందో," అని నవ్వి ఆయన అరచేతులు చాచి దీవించాడు. పట్టీలు భుజాన వేసుకుని వెళ్లాడు. కిర్జా అన్న ఒక్క మాట ఆమె గొంతులోనే ఉండిపోయింది. బావగారికి ఎదురుచెప్పి ఎరగదు. పైగా ఆ పొగడ్త ఆమెకు నచ్చింది.

ఇప్పుడు ఆమె అడ్డదారిన గుట్ట ఎక్కి దిగసాగింది. గుట్ట వాలులోంచి ఏరు కనిపించింది. గొర్రెలు వంతెన దాటేశాయి. బావగారు గుర్రాన్ని నీళ్ల వైపు నడిపిస్తున్నాడు. ఆమె "బావగారూ" అని అరిచింది. ఎదురుగాలి. ఒడ్డున ఇంకో రెండు మందల వాళ్లున్నారు, ఆ పిలుపు ఎవరికని అనుకుంటారు? ఎవరూ తిరగలేదు.

కోడలు తన భర్త అన్నగారి పేరు పలకదు. పెళ్లయిన నాటి నుంచి ఉర్కుయా ఆ పేరును వేరే ఇళ్లలో కూడా నోట రానివ్వలేదు.

"ఎసెనాలీ!"

గుర్రం ముందుకాళ్లు నీళ్లలో ఉండగా ఆయన కళ్లెం బిగించాడు. వెనక్కి తిరిగిన ముఖం పాలిపోయి ఉంది.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు," అంటూ ఆమె ఒడ్డుకు పరుగెత్తుకొచ్చింది. "ఎడమ రికాబు మీద కాలు మోపకండి. అది కిర్జా, బూట్ల గుడ్డ."

ఆయన కుడివైపు నుంచి దిగాడు. అలా దిగడం ఆమె ఎప్పుడూ చూడలేదు. పట్టీని బెజ్జం దగ్గర మడిచి చూశాడు. తెల్లటి పోగులు కనబడ్డాయి.

"ముందే చెప్పొచ్చుగా అమ్మాయ్."

"చెప్పాను. చెత్త అన్నాను."

"అది అందరూ అనేదేగా."

అంటూనే ఆయన ఏటి వైపు తిరిగాడు. ఉర్కుయా కూడా అప్పుడే చూసింది. సైరకాన్ అప్పటికే ఏటి మధ్యలో ఉంది. చంకలో నిన్న పుట్టిన గొర్రెపిల్ల. రికాబుల మీద లేచి నిలబడి ఉంది.

ఉర్కుయా నోరు తెరిచింది. ఆయన చేయెత్తి ఆపాడు. పిలిస్తే వెనక్కి తిరుగుతుంది, తిరిగితే ఒక పక్కకు ఒరుగుతుంది. గుర్రం రాయి మీద జారి సర్దుకుంది. సైరకాన్ పిల్లను ఇంకాస్త పైకి ఎత్తుకుంది. తడిసిన బూట్లలో ఉర్కుయా కాలివేళ్లు కొంకర్లు పోయాయి. గుర్రం మెడ సాచి అవతలి గట్టు ఎక్కడం మొదలుపెట్టింది. సైరకాన్ ముందుకు వంగింది. ఎక్కేసింది.

అక్కడ ఆమె దిగబోయి ఎడమ రికాబు మీద బరువు వేసింది. మరుక్షణం గొర్రెపిల్లతో సహా గులకరాళ్ల మీద కూలబడింది. పక్కన రికాబు ఇనుము దొర్లింది.

"ఏమే ఉర్కుయా," అని ఏరు అవతలి నుంచి కేక వచ్చింది, "నీ చేతులు పడిపోను!"

తిట్టే ఓపిక ఉందంటే ఎముకలు బాగానే ఉన్నట్టు. ఎసెనాలీ ఉన్ని తాడు రెండు ముక్కలు కోసి, ఒకటి తన రికాబుకు కట్టుకున్నాడు, రెండోది జేబులో పెట్టుకున్నాడు. ఆమె వైపు చూడకుండానే ఏట్లోకి దిగాడు. పేరు పెట్టి పిలిచిన సంగతి ఎత్తలేదు. ఎప్పుడు ఎత్తుతాడో ఆమెకు తెలియదు.

ఉర్కుయా ఇంటికి వచ్చి, మిగిలిన కిర్జానంతా ముందేసుకుని, ఎవరూ పట్టీ కుట్టలేనంత చిన్న ముక్కలుగా కోసింది. పదిహేడు తాళాల సంచులకు సరిపోయింది.