తిరుపతిలో సముద్రం

మా పెద్ద తోటికోడలిని తాండూరు బస్టాండులో ఇప్పటికీ "గోవా అక్క" అనే పిలుస్తారు. ఆమె సిగ్గుపడదు. నాకే కడుపు మండుతుంది.

మా ఎంపీటీసీ సీటు ఆడవాళ్ళకు రిజర్వు అయిన ఏడు, ఇంట్లో ఇద్దరు కోడళ్ళలో ఎవరిని నిలబెట్టాలన్న మాట వచ్చింది. నేను వికారాబాద్‌లో డిగ్రీ చదివాను. అక్కది ఏడో తరగతి. మామ కందిచేలో నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "పెద్దకోడలుండంగ చిన్నది నిలబడుతదా?" అన్నాడు. అంతే, తేలిపోయింది. ఆమె కరపత్రం కూడా నాచేతే రాయించారు. ఆమె గెలిచింది.

మండలాధ్యక్షుడి ఎన్నికకు ఇంకా వారముంది. ఎదుటి పార్టీవాళ్ళు లాక్కుపోకుండా, కుర్చీ మీద ఆశపడ్డ పెద్దమనిషి తనవైపు సభ్యులందరినీ బస్సెక్కించి క్యాంపుకు తీసుకుపోయాడు. ఊళ్ళో మాత్రం తిరుపతి యాత్ర అని చెప్పారు. మా అత్త ముడుపు కూడా కట్టి ఇచ్చింది.

మూడో రోజు నేను పేడ ఎత్తుతుంటే తెలియని నంబరు నుంచి వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, అలల్లో అక్క. చేతిలో కొబ్బరిబొండం. వెనక లుంగీలు ఎగగట్టిన మండల సభ్యులు. కింద ఆమె గొంతు: "చెల్లె, గోవల ఉన్నం. సముద్రం మస్తుగుంది. బర్లకు నీళ్ళు వెట్టినవా?"

ఆ చివరి మాట లేకపోతే ఊరుకునేదాన్నేమో. డిగ్రీలో నాతో చదివినతను తాండూరులో విలేకరి. చేతులైనా కడుక్కోకుండా ఫోటో అతనికి పంపాను.

మర్నాడు కరణ్‌కోట పోయే బస్సుల్లో, పరిగి మార్కెట్లో, ఎవరి ఫోన్లో చూసినా అక్కే. "తిరుపతికి సముద్రం ఎప్పుడొచ్చింది?" అని టీవీవాళ్ళు అడిగారు. పెద్దమనిషి హడలిపోయి అందరినీ వెనక్కి తెచ్చాడు. తిరుపతి కూడా పోయొచ్చామని చెప్పుకోవడానికి దారిలో మగవాళ్ళందరికీ గుండ్లు కొట్టించాడు. నమ్మింది మా అత్త ఒక్కతే. లడ్డూ ఏదని అడిగింది.

అక్క ఇక తలెత్తుకు తిరగలేదనుకున్నాను. ఆమె బస్సు దిగగానే ఆడవాళ్ళు చుట్టూ మూగి, సముద్రం ఎట్లుంటదని అడిగారు. ఆ తర్వాత ఏ పెళ్ళికి పోయినా ఆమెతో సెల్ఫీలే. కరపత్రం రాసిన నన్ను పలకరించిన దిక్కులేదు. పైగా ఫోటో బయటపెట్టింది నేనేనని తెలిస్తే అక్క జన్మలో నా మొహం చూడదని భయం. ఆ భయం, ఈ కుళ్ళు, రెండూ కడుపులోనే పెట్టుకుని ఇన్నేళ్ళు గడిపాను.

మొన్న ఇద్దరం అనంతగిరి గుడికి బయలుదేరాం. బస్సు నిండా జనం. "గోవా అక్కా, గూసో" అంటూ ఒకాయన లేచి ఆమెకు సీటిచ్చాడు. నేను కమ్మీ పట్టుకుని, కళ్ళల్లో నిప్పులు పోసుకుని నిలబడ్డాను. ఆమె హాయిగా కూర్చుని జామపండు కొరుకుతుంటే ఉండబట్టలేక అనేశాను.

"అక్కా, ఆ ఫోటో పేపరోళ్ళకు పంపింది నేనే."

"ఎరుకనే చెల్లె. నీకొక్కదానికే గద పంపిన."

నేను కమ్మీ వదిలేసి ఆమె వైపు వంగాను.

"ఫోన్లన్ని గుంజుకుని మమ్ముల రూములల్ల పెట్టిండ్రు. సముద్రం కాడికి గా ఒక్కనాడే తోల్కపోయిండ్రు. పిల్లలు యాదికొచ్చి ఒకటే ఏడుపు. బొండాలమ్మే ఆమెకు కన్నడం వస్తది, మన తాండూరు దిక్కు మాట్లాడేదే. ఆమెను బతిలాడి ఆమె ఫోన్లనే ఫోటో దీపిచ్చి పంపిన. మీ బావకు పంపితె దాస్తడు. నీకు పంపితె ఊరంత తిరుగుతది, గప్పుడు మమ్ముల ఇంటికి తెస్తరు."

"మరి బర్ల సంగతెందుకు అడిగినవ్?"

"గది అడగకుంటె నువ్వు ఎవరికి చూపకపోదువు."

ఆ గొడవ మొత్తంలో నేను చేసిందంటూ ఒకటుందనుకున్నాను. అదీ ఆమె చేయించిందే. అక్క జర పక్కకు జరిగి, "గూసో చెల్లె" అంది. ఇద్దరికీ చోటుంది. నేను అనంతగిరి వచ్చేదాకా నిలబడే ఉన్నాను.