నాగపూర్ వెళ్ళడానికి పర్మిషన్

పొద్దున కోర్టుకు బయల్దేరుతుంటే లీలారామ్ చాచా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పుడో పాకిస్తాన్ నుంచి వచ్చేసి మా మోవా పేటలో అప్పడాలు అమ్ముకునే సింధీ పెద్దాయన. పౌరసత్వ చట్టం మారాక ఆయన దరఖాస్తు నేనే వేశాను. పోయిన వారమే భారత పౌరుడయ్యాడు.

"బేటీ, నాగపూర్‌లో మనవరాలి నిశ్చితార్థం. మధ్యాహ్నం బండికి వెళ్తున్నా. పర్మిషన్ ఇప్పించు," అన్నాడు.

వీసా మీద ఉన్నన్నాళ్ళూ రాష్ట్రం దాటాలంటే పోలీసులను అడగాల్సిందే. ఆ అలవాటు పోలేదు.

"ఇప్పుడు ఎవర్నీ అడగక్కర్లేదు చాచా."

"సరే, చేరగానే పోలీసు థానాకు ఫోన్ చేస్తా."

"వద్దు."

"పోనీ, నీకు చేస్తా."

అసలే లేటవుతోంది, చిర్రెత్తుకొచ్చింది. "నాకూ వద్దు! మీరెక్కడికెళ్ళినా ఎవరికీ చెప్పక్కర్లేదు. చట్టం మారింది, మీరే మారలేదు!" అని అరిచేశాను. ఆయన తలూపి వెళ్ళిపోయాడు.

రాత్రయింది. ఆ బండి నాగపూర్ చేరి చాలాసేపైంది. ఫోన్ రాలేదు. ఒంటరిగా అంత దూరం వెళ్ళడం ఆయనకిదే మొదటిసారి. అన్నం కలుపుకుంటూ కూడా ఫోన్ వంకే చూస్తున్నాను. నంబరు నొక్కడం, రింగవకముందే కట్ చేయడం, ఇదే పని.

ఇన్నేళ్ళ ప్రాక్టీసులో నా సలహా ఇంత బుద్ధిగా పాటించిన క్లయింటు ఇంకొకరు లేరు. ఇప్పుడు నేనే ఫోన్ చేసి "ఎక్కడున్నారు?" అని అడిగితే, థానావాళ్ళకీ నాకూ తేడా ఏముంటుంది?

మీరైతే చేస్తారా?