ఆదివారం పరీక్ష, ఆదివారమే సేల్

ఢిల్లీలోని ద్వారకలో ఒక పెద్ద రిటైల్ కంపెనీవాళ్ల సూపర్ మార్కెట్లో నేను బిల్లింగ్ కౌంటర్ చూసేదాన్ని. మావారి ఉద్యోగం కోసం కాకినాడ నుంచి ఢిల్లీ వచ్చాం. పెళ్లి తొందరలో నా డిగ్రీ మధ్యలోనే ఆగిపోయింది. ఆ సంగతి నేను దాదాపు మరిచిపోయాక కంపెనీ గుర్తుచేసింది.

ఒకరోజు షాపు తెరవకముందే మమ్మల్నందరినీ నూనె ప్యాకెట్ల ముందు నిలబెట్టి, చదువుకునే ఉద్యోగులకు ఇకమీదట ఫీజు కంపెనీయే కడుతుందని మేనేజరు ప్రకటించాడు. కేక్ కోశారు. చప్పట్లు కొట్టించారు. ఫొటోలో సరిగా పడలేదని మళ్లీ కొట్టించారు. చేతులెత్తింది ఇద్దరమే. డిగ్రీకి నేను, పదో తరగతికి కూరగాయల తూకం దగ్గరుండే హర్యానా దీదీ.

కంపెనీ నాకు చూపించిన యూనివర్సిటీ గ్రేటర్ నోయిడాలో ఉంది. పాఠాలు ఫోన్లో వినొచ్చు, పరీక్షలకు మాత్రం అక్కడికే వెళ్లాలి. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు వీలుగా ఉంటుందని దయతలచి పరీక్షలన్నీ ఆదివారాలే పెట్టారు. ఆదివారం ఊరంతా మా షాపులోనే ఉంటుందని వాళ్లకెవరూ చెప్పినట్టు లేదు.

సెలవడిగితే మేనేజరు ఎంతో ఆప్యాయంగా నవ్వాడు. "పఢాయీ తో బహుత్ అచ్ఛీ చీజ్ హై, మేడమ్. చదువు మంచిదే, కానీ ఆదివారం సేల్ ఉంది. మంగళవారం రాసుకోండి."

పరీక్ష అంటే కరెంటు బిల్లు కట్టడం అనుకున్నాడు కాబోలు.

"చదవమనేదీ వాళ్లే, వెళ్లొద్దనేదీ వాళ్లేనా?" అన్నారు మావారు.

"ఉద్యోగం పోతే ఫీజూ పోద్దండీ," అన్నాను. ఆ ఆదివారం యూనిఫాం వేసుకుని డ్యూటీకే వెళ్లాను. కౌంటర్లో బిస్కెట్లకు బిల్లు కొడుతుంటే ఏడుపొచ్చింది.

అంతలో హెడ్డాఫీసు మేడమ్ ఫొటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. చదువుకుంటున్న ఉద్యోగుల ఫొటోలు కావాలట. మేనేజరు నన్ను ముందుకు తోశాడు. "మా స్టార్ స్టూడెంట్, మేడమ్!"

"అచ్ఛా! పరీక్షలెప్పుడు?" అందావిడ.

నేను మేనేజరు వైపు చూశాను. తూకం దగ్గర్నుంచి దీదీ గట్టిగా అరిచింది. "ఆజ్ హీ హై, మేడమ్‌జీ! ఇవాళే, రెండింటికి!"

మేడమ్ వాచీ చూసుకుంది. "మరి ఈవిడ ఇక్కడేం చేస్తోంది?"

"ఆవిడే వస్తానన్నారు మేడమ్. డ్యూటీ అంటే ప్రాణం," అన్నాడు మేనేజరు.

అప్పుడొచ్చింది నాకు మాట. "సెలవడిగాను మేడమ్. ఇవ్వలేదు."

మేడమ్ అతన్నేమీ అనలేదు. తన కారిచ్చి నన్ను పంపించింది. కారెక్కే ముందు తలుపు దగ్గర ఒక ఫొటో మాత్రం తీయించింది.

ఆలస్యంగా చేరాను. బతిమాలితే హాల్లోకి రానిచ్చారు. నా యూనిఫాం వీపు మీద 'మీకు ఎలా సహాయపడగలను?' అని ఉంటుంది. వెనక కూర్చున్నావిడ దాన్ని నమ్మి మూడో ప్రశ్నకు జవాబడిగింది. ఆ ప్రశ్న ఉద్యోగుల సంక్షేమంలో యాజమాన్యం పాత్ర గురించి. నేను చూసింది రాస్తే మార్కులు రావని తెలుసు కాబట్టి పుస్తకంలో ఉన్నదే రాశాను.

పాసయ్యాను. ఉద్యోగుల చదువును ప్రోత్సహించినందుకు మేనేజరుకు శాలువా కప్పారు. తర్వాతి పరీక్షలకు అతనే ముందుగా సెలవిచ్చి, అది తన ఆలోచనేనని అందరికీ చెప్పుకున్నాడు.

డిగ్రీ చేతికొచ్చాక సూపర్‌వైజర్ పోస్టు అడిగాను. "డిగ్రీ ఉన్నవాళ్లు ఎక్కువకాలం నిలవరండీ," అన్నారు హెడ్డాఫీసువాళ్లు. పెద్దవాళ్ల మాట అబద్ధం చేయడం ఇష్టంలేక, ఒక ఆసుపత్రి అకౌంట్స్‌లో ఉద్యోగం దొరగ్గానే మానేశాను.

దీదీ లెక్కల్లో ఓసారి తప్పి, మళ్లీ రాసి పది గట్టెక్కింది. ఇప్పుడు ఇంటర్‌కు కట్టింది. మొన్న ఫోన్ చేసి, అకౌంట్స్ పాఠం బుర్రకెక్కట్లేదు, వచ్చి చెప్పమంది. ఆమె ఇంటికి వెళ్లి చెబుతున్నాను. నేను ఒక్కటి చెబితే పది ప్రశ్నలు వేస్తోంది.