బూట్లకు ఆముదం

నిన్న వాన పడుతుంటే ఇంట్లో పనేమీ తోచక అటక సర్దాను. అడుగున ఒక అట్టపెట్టెలో నా పాత ఫుట్‌బాల్ బూట్లు కనిపించాయి. మూత తీయగానే ఆముదం వాసన గుప్పుమంది. "ఇంగా పారేయలేదా వీటిని?" అని మా ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఎలా పారేస్తాను? నా జట్టును నిలబెట్టింది ఆ వాసనే.

బళ్లారిలో ఒక కాలేజీకి నేను ఫుట్‌బాల్ కోచ్‌గా ఉండేవాణ్ణి. క్రికెట్ ఒక్కటే ఆట అనుకునే ఊళ్లో పదకొండుమందిని పోగుచేయడానికే నా సగం ప్రాణం పోయేది. కెప్టెన్‌ది కెంచనగుడ్డ అనే పల్లె, వరిమళ్లలో పెరిగినవాడు. గోల్‌కీపర్, మేమంతా గోలీ అనేవాళ్లం, బజారులో నూనె అంగడి షావుకారు కొడుకు. ఆ షావుకారు ఒకరోజు నన్ను నడివీధిలో నిలేశాడు. "ఏంది సార్, అంగట్లో కూర్చోవాల్సినోడితో బాలు తన్నిస్తాండారు?" తన్నడు, చేతులతో పట్టుకుంటాడని ఎంత చెప్పినా ఆయన మెత్తబడలేదు. ఆ ఏడు ప్రిన్సిపాల్ గారు సెమీఫైనల్ ఓడితే జట్టు ఉండదని, మైదానంలో కాలేజీ బస్సులు నిలుపుతామని తేల్చి చెప్పారు. ఆ భయంలో నేను, ఎప్పుడూ మామూలు కాన్వాస్ బూట్లతో ఆడే పిల్లలకు పొడుగు ముళ్ల బూట్లు తెప్పించి, నేనూ ఒక జత తొడుక్కున్నాను. ఎండిన నేలమీద గుర్రాల్లా పరిగెత్తారు. మాది నల్లరేగడి అన్న సంగతి, అక్కడే పుట్టి పెరిగిన నాకు గుర్తే రాలేదు.

మ్యాచ్ రోజు పొద్దున వాన దంచింది. పది అడుగులు వేస్తే చాలు, ముళ్ల మధ్య మట్టి ముద్దలు కట్టి, మా పిల్లలు ఇటుకలు మోస్తున్నట్టు కాళ్లీడ్చారు. సాదా బూట్లతో వచ్చిన అవతలివాళ్లు ఒక గోలు కొట్టేశారు. పాత బూట్లు అందరూ ఇళ్లలోనే వదిలొచ్చారు, విరామంలో నేను పుల్లతో ముళ్ల మధ్య మట్టి గీకుతూ కూర్చున్నాను. కెప్టెనే నసిగాడు. "సార్, మా అమ్మోళ్లు నాట్లకు పోయేటప్పుడు కాళ్లకు ఆముదం పూసుకుంటారు. బురద అంటదు. బూట్లకు పూస్తే?" గోలీ వెంటనే ఫోన్ తీశాడు. "నాన్నా, అర్జెంట్ ఆముదం బేకు, డబ్బా తీసుకురా!" అంగడి రెండు వీధుల అవతలే. షావుకారు స్కూటర్ మీద డబ్బాతో దిగి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తానే గుడ్డ ముంచి బూట్ల అడుగులకు పూయడం మొదలుపెట్టాడు. చివరికి నా బూట్లూ వదల్లేదు. "నేను ఆడనప్పా," అంటే, "నువ్వు జారి పడితే వీళ్లకు చెప్పేదెవరు? కాలెత్తు!" అన్నాడు.

మట్టి పట్టు వదిలింది. రెండు గోలులు కొట్టాం. ఆఖరి నిమిషంలో అవతలివాడు గురిచూసి తన్నిన బంతిని గోలీ పొట్టకు అదుముకుని బురదలో పడ్డాడు. "పట్టినాడు! చేతుల్తోనే పట్టినాడు!" అని షావుకారు పక్కనున్న ప్రిన్సిపాల్ గారి భుజం చరిచాడు, నూనె చేత్తోనే. ప్రిన్సిపాల్ గారు చొక్కా వైపు చూసుకుని, "బస్సులకు వేరే జాగా చూద్దాంలేప్పా," అన్నారు నాతో. విజిల్ మోగగానే నేను ఆ బురదలోనే చతికిలబడి, పిచ్చివాడిలా నవ్వుతూ ఏడ్చాను.

బూట్ల పైతోలు పగిలింది, లేసులు చీకిపోయాయి. నా మోకాళ్లూ అదే దారిలో ఉన్నాయి. ఇన్నేళ్లలో ఎన్నో బరువులు మీద పడ్డాయి గానీ, ఆ మధ్యాహ్నం తేలికపడ్డ గుండెను కాలం మళ్లీ బరువెక్కించలేకపోయింది.