పచ్చి కర్రకు పెట్టిన చుక్క

చాలా ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. చూడ్డానికి చిన్నది. వేలి కొనంత ఎర్రమట్టి చుక్క. అది ఎక్కడ పెట్టానో, ఎందుకు పెట్టానో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన మనిషి మొన్న చలికాలంలో పోయాడు. అందుకని మీకు చెప్తున్నాను. మీరు నాకు తెలియదు, నేను మీకు తెలియను. ఆ దూరం లేకపోతే ఇప్పుడు కూడా నోరు విప్పేవాణ్ణి కాదేమో.

పోయినవాడు మా ఆవిడ అన్నయ్య. ఒకర్నొకరం బావా అనే పిలుచుకునేవాళ్ళం. ఇద్దరం భిలాయిలోనే ఉద్యోగాలు చేసి రిటైరయ్యాం. ఆయన డ్రాయింగులు గీసే సెక్షన్లో, నేను మెయింటెనెన్సులో. రెండు వీధుల ఎడంలో క్వార్టర్లు. నాకు మొదటినుంచీ బొమ్మలు చెక్కే సరదా ఉంది. లేథు మీద కాదు, చాకుతోనే. ఏనుగులు, ఎడ్లు, బిడ్డనెత్తుకున్న తల్లి. గొప్ప పని కాదు. శుభ్రమైన పని.

ఒకసారి కుమ్హారి దగ్గర స్కూటరు జారి బావ కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక ఆ చెయ్యి పెన్సిలు సరిగ్గా పట్టలేకపోయింది. గీతలు గీసి బతికిన మనిషికి అది చిన్న విషయం కాదు. డాక్టరు రబ్బరు బంతి ఇచ్చి నొక్కమన్నాడు. కొన్నాళ్ళు నొక్కి, విసుగొచ్చి పక్కన పడేశాడు. అప్పుడు నేనే నా చాకుల్లో ఒకటి తీసి, చేతిలో ఇమిడే కర్రముక్కతో పాటు ఇచ్చాను. పక్కన కూర్చుని పట్టు నేర్పాను. ఆ చెయ్యి మెల్లగా మనిషి మాట వినడం మొదలుపెట్టింది. అది నేను చేసిన మంచి పనే. ఇక్కడ దాన్ని రాస్తున్నది నా వైపు తూకం పెంచుకోవడానికా? కావచ్చు. కానీ అది చెప్పకపోతే తర్వాతది మీకు అర్థం కాదు.

ఎందుకంటే, నేను నేర్పిన మనిషి నన్ను దాటిపోయాడు. చాలా తొందరగా. నా ఎద్దు నాలుగు కాళ్ళూ సమంగా పెట్టి నిలబడేది. ఆయన ఎద్దు ఒక కాలి మీద బరువు తగ్గించి నిలబడేది, బండి విప్పాక నిజం ఎద్దు నిలబడినట్టు. నాకు తేడా కనిపించింది. కనిపించకపోయుంటే బాగుండేది. మా ఆవిడ ముందుగది షోకేసులో తన అన్నయ్య బొమ్మల్ని ముందు వరసలోకి తెచ్చింది. నావి వెనక్కి జరిగాయి. ఆమె కావాలని చేయలేదు. ఎవరైనా అలాగే సర్దుతారు.

ఒక ఆదివారం ఖుర్సీపార్ నుంచి మా ఆవిడ పెద్దమ్మ వచ్చింది. షోకేసు ముందు నిలబడి వెనక వరసలో ఉన్న ఎద్దు మీద వేలు పెట్టింది.

"ఇదేటే, మీ అన్నయ్య చెయ్యి బాగోలేనప్పుడు చెక్కినాడా? పాపం, కొయ్యలాగున్నాది."

"కొయ్యే కదేటి పెద్దమ్మా! అది మీ అల్లుడి చెక్కుడు," అంది మా ఆవిడ. ఇద్దరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. కాఫీ కూడా నేనే కలిపి తెచ్చాను.

ఆ సాయంత్రమే చుక్క పెట్టాను.

చుక్క గురించి చెప్పాలి. మేం వాడేది అంకుడు కర్ర, ఇక్కడివాళ్ళు దూధీ అంటారు. హథ్‌ఖోజ్ వైపున్న కోత మిల్లు నుంచి నేనే తెచ్చేవాణ్ణి. బెరడు తీసి, రెండు చివర్లకీ మైనం రాసి, మా పెరటి వరండాలో నీడన ఆరబెట్టేవాణ్ణి. ఏడాది పైనే ఆరాలి. ఆరని కర్రతో బొమ్మ చేస్తే, ఆరుతూ ఆరుతూ అది పగులుతుంది. ఆరిందో లేదో చెంపకి ఆనించుకుని చూసేవాణ్ణి. పచ్చిది చల్లగా తగులుతుంది. ఆరినదాని చివర జాజుతో ఎర్రచుక్క పెట్టేవాణ్ణి. బావకి నేను చెప్పిన నియమం ఒక్కటే. చుక్క లేనిది ముట్టుకోవద్దు. ఆయన ముట్టుకోలేదు. పచ్చి కర్ర చాకు కింద ఎలా ఉంటుందో ఆయన చేతికి తెలియదు. నేను తెలియనివ్వలేదు.

అప్పటికే మా మేనకోడలికి, అంటే బావ కూతురికి, పెళ్ళి కుదిరింది. కొత్తకాపురంలో మొదటి బొమ్మల కొలువుకి జంట బొమ్మలు తనే చెక్కి ఇస్తానన్నాడు బావ. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు. జంట ఒకే కర్రలోంచి రావాలని బావ వాళ్ళమ్మ అనేదట. నాకు ఆ సంగతి ముందే తెలుసు. జంటకి సరిపోయే లావు ముక్కలు వరండాలో రెండున్నాయని తెలుసు. ఒకటి ఆరింది. ఒకటి ఆ మధ్యే తెచ్చింది. ఆరినదాన్ని మంచం కిందికి తోసి, పచ్చిదానికి చుక్క పెట్టాను. కోపంతో ఊగిపోతూ చేసిన పని కాదు. తర్వాత చెయ్యి సబ్బుతో కడుక్కున్నాను. ఏం జరుగుతుందనుకున్నాను? బొమ్మకి ఎక్కడో సన్నగా నెర్రె వస్తుంది, ఒక్కసారైనా ఆయన పనికి వంక దొరుకుతుంది. అంతే అనుకున్నాను. అంతేనా? అంతే అనుకున్నానని ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను.

మర్నాడు వచ్చాడు. ముక్కని రెండు చేతులతో లేపాడు.

"ఏటి బావా, బరువుగున్నాది?"

"మాను నడుం ముక్క. బరువుంటుంది," అన్నాను. అని ఊరుకోలేకపోయాను. "ఓసారి చెంపకి ఆనించి చూసుకో."

నవ్వాడు. "నీ చుక్కుండగా మళ్ళీ నేను చూడాలేటి? అమ్మ వండిన అన్నాన్ని మెతుకు పట్టి చూస్తారేటి, నువ్వు మరీను!"

భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. చూసుకోమన్నాను కదా అని నేను చాలాకాలం ఈ మాటని పట్టుకుని వేలాడాను. చూడడని తెలిసే అన్నాను. ఇప్పుడు రాస్తుంటే అది స్పష్టంగానే ఉంది.

నాలుగు రోజుల తర్వాత అనుకుంటాను, చెక్కపొట్టు చొక్కాతోనే మా ఇంటికి వచ్చేశాడు.

"వెన్నలాగ తెగుతున్నాది బావా! ఎక్కడా తన్నట్లేదు. చెయ్యి పూర్తిగా వచ్చేసింది చూడు," అని నా ముందు మణికట్టు అటూ ఇటూ తిప్పాడు.

పచ్చి కర్ర అలాగే తెగుతుంది. ఆ మెత్తదనం కర్రది. ఆయన అది తన చేతిదనుకున్నాడు. నేను "మంచిది" అన్నాను. అప్పుడు చెప్పొచ్చు. బొమ్మలింకా సగంలోనే ఉన్నాయి, పెళ్ళికి వ్యవధి ఉంది, ఆరిన ముక్క మంచం కిందే ఉంది, పొరపాటున చుక్క పడిందంటే నమ్మేవాడు కూడా. చెప్పలేదు.

ఆయన జీవితంలో చేసిన అన్నిటికంటే మంచి బొమ్మలవి. గరుకు కాగితంతో ఓపిగ్గా నున్న చేసి, రంగులు వేసి, పైన వార్నీషు పూశాడు. పెళ్ళికి కొద్దిరోజుల ముందు, ఇక్కడి మే నెల ఎండలో, చుట్టాలంతా బావ ఇంట్లో కూలరు చుట్టూ కూర్చుని పసుపు కొమ్ములు ఏరుతుండగా, అలమర మీంచి పుల్ల విరిగిన చప్పుడు వినిపించింది. పెళ్ళికొడుకు బొమ్మ ఒక పక్కన చెంప నుంచి నడుం దాకా విచ్చుకుంది. పెళ్ళికూతురికి జడ వెనక చిన్న నెర్రె. ఎవరో పెద్దావిడ లేచి మగబొమ్మ మీద తువ్వాలు కప్పింది. శకునం అన్న మాట ఎవరూ అనలేదు. అక్కర్లేకపోయింది.

"పప్పా, ఛోడో నా. గోంద్ లగా దేంగే," అంది పిల్ల. పోనీలే నాన్నా, జిగురుతో అంటించేద్దాం అని. ఇక్కడ పుట్టి పెరిగింది, ఓదార్చాలంటే దానికి హిందీయే వస్తుంది.

బావ ఆమె వైపు చూడలేదు. తన చెయ్యి చూసుకుంటున్నాడు. "బొమ్మకేటి తెల్సు. ఎక్కడో అడ్డంగా నొక్కీసుంటాను. చేతికి తెలీలేదు," అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. పసుపు కొమ్ములు ఏరుతున్నాను.

పెళ్ళి బాగానే జరిగింది. పిల్ల సుఖంగానే ఉంది. దానివల్ల నా లెక్క మారదు. పెళ్ళయ్యాక బావ చాకు తెచ్చి నా చేతిలో పెట్టాడు. నీదే కదా బావా, అన్నాడు. తీసుకున్నాను. ఆ చాకుతోనే తర్వాత చాలా బొమ్మలు చెక్కాను. తన బొమ్మలు కంటబడకుండా ఎక్కడైనా పెట్టమని చెల్లెలికి చెప్పాడు. ఆమె పెట్టెలో పెట్టింది. షోకేసులో నా ఎద్దులు ముందు వరసకి వచ్చాయి. వాటిని ముందుకి జరిపింది ఆమె కాదు, నేను.

పని లేక ఆ చెయ్యి మళ్ళీ బిగుసుకుంది. వేళ్ళు మడవలేక అన్నం కలుపుకోలేకపోయేవాడు. చెంచాతో తినడం నలుగురూ చూస్తారని పెళ్ళి పంక్తులకి రావడం మానేశాడు. ఎవరు పిలిచినా కడుపులో బాగోలేదనేవాడు. ఒకసారి సివిక్ సెంటర్‌లో బల్ల మీద కూర్చుని ఉండగా తనంతట తానే ఆ మాట తెచ్చాడు. "ఆ జంట బొమ్మలప్పుడు బావా, చాకు ఎలాగ నడిచిందనుకున్నావు! అలాటి రోజులు మళ్ళీ రాలేదు." నిజం చెప్తే ఆయన చెయ్యి నిర్దోషి అవుతుంది. కానీ ఆ మంచి రోజులు కూడా అబద్ధమవుతాయి. అందుకే చెప్పలేదు అనుకున్నాను. అది జాలా? పిరికితనానికి దొరికిన మంచి చొక్కానా? రెండోదే అనిపిస్తుంది. జాలి ఉన్నవాడు చుక్క పెట్టడు.

ఆయన పోయాక, కార్యక్రమాలన్నీ అయ్యాక, మేనకోడలు ఒక మూట తెచ్చింది. "మావయ్యా, ఇది మీ దగ్గరుంటే బాగుంటుంది. పప్పా దీన్ని పారెయ్యనివ్వలేదు." జంట బొమ్మలు. మగబొమ్మని చేతిలోకి తీసుకుని తిరగేశాను. ఒళ్ళంతా అద్దంలా నున్న చేసిన మనిషి, అడుగున ఒక్కచోట గరుకు కాగితం తగలనివ్వలేదు. పాదాల కింద నా జాజు చుక్క అలాగే ఉంది. చెరిగిపోకుండా దాని మీద కూడా వార్నీషు పూశాడు. నా గుర్తు కూతురింటికి వెళ్ళాలనుకున్నాడు కాబోలు. తర్వాత ఎప్పుడైనా ఆ చుక్కని వేరేగా చూశాడా? ఆయనకి తెలిసిందా? ఇక తెలుసుకునే దారి లేదు.

మా ఆవిడ ఆ జంటని షోకేసులో ముందు పెట్టింది. పగులు గోడవైపు ఉండేలా తిప్పి పెట్టింది. అన్నయ్య చేతి చివరి పని అని వచ్చినవాళ్ళకి చూపిస్తుంది. ఆమెకు చెప్తానో లేదో నాకే తెలియదు. ఇంతమాత్రం చేశాను. ఇవాళ మధ్యాహ్నం ఆమె పడుకున్నాక బొమ్మని ఇటు తిప్పి, పగులు నాకు కనబడేలా పెట్టుకుని ఇది రాస్తున్నాను. క్షమాపణ అడగడానికి ఎవరూ లేరు, క్షమ మీరు ఇవ్వగలిగింది కాదు, నేను మిమ్మల్ని అడగడం లేదు. ఒక్కసారి ఉన్నదున్నట్టు చెప్పాలి, అంతే.

కర్ర పచ్చిది. నాకు తెలుసు. చుక్క నేనే పెట్టాను.

బావా, నీ చెయ్యి తప్పు చెయ్యలేదు.